క్లాసులో కొత్త పద్ధతి ఒక్క సెమిస్టరుతో ఆగిపోకుండా: తిరుపతి, చిత్తూరు కాలేజీల డిపార్ట్‌మెంట్లకు

కొత్త పద్ధతిలో, అంటే ఉపన్యాసం తగ్గించి పిల్లల చేత ఆలోచింపజేసి, చర్చింపజేసి పాఠం చెప్పాలనుకునే లెక్చరర్‌కు డిపార్ట్‌మెంటు ఇవ్వాల్సిన మొదటి వస్తువు ప్రొజెక్టరు కాదు. వారానికి రెండు గంటల తీరిక ఇవ్వాలి. వెనక బెంచీలో కూర్చుని చూసి, చూసింది చూసినట్టు చెప్పే ఒక సహోద్యోగిని తోడివ్వాలి. మొదటిసారి తడబడినా అది ఏ ఫైలుకూ ఎక్కదన్న భరోసా ఇవ్వాలి. ఇవి లేని చోట ఎంత మంచి ట్రైనింగుకు పంపినా, తిరిగొచ్చిన రెండు వారాల్లో పాత నోట్సు మళ్లీ చేతిలోకి వస్తుంది. ఇక్కడ చెప్పేదంతా హెచ్‌ఓడీలు (డిపార్ట్‌మెంటు అధిపతులు), ఐక్యూఏసీ (కాలేజీలోని నాణ్యత విభాగం) కోఆర్డినేటర్లు, ప్రిన్సిపాళ్లు ఒక సెమిస్టరులో చేయగలిగిన పని.

తీరిక ఎక్కడ దొరుకుతుంది

యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు, అసోసియేట్ ప్రొఫెసరూ ప్రొఫెసరూ 14 గంటలు నేరుగా పాఠం చెప్పాలి. ఆ గంటలు తగ్గించడం హెచ్‌ఓడీ చేతిలో లేదు. పాఠం బయటి పని మాత్రం ఆయన చేతిలోనే ఉంది. ఆ సెమిస్టరుకు నాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు, అడ్మిషన్ల డ్యూటీ, ర్యాలీల బాధ్యత ఆ లెక్చరర్ మీద వేయకండి. కొత్త పేపరు కూడా అప్పగించకండి. టైంటేబుల్‌లో ఆ క్లాసుకు ముందురోజు రెండు ఖాళీ పీరియడ్లు పక్కపక్కన పడేలా చూడండి. విడివిడిగా పడితే ఒకటి సంతకాలకు, ఇంకొకటి సబ్‌స్టిట్యూషన్‌కు పోతుంది.

గెస్ట్ లెక్చరర్ల సంగతి వేరుగా ఆలోచించాలి. గంటల లెక్కన పారితోషికం తీసుకునే వారికి ప్రిపరేషన్ గంటలకు రూపాయి రాదు. మన డిగ్రీ కాలేజీల్లో చాలా పేపర్లు వారే చెబుతున్నారు, కాబట్టి వారిని వదిలేసి మార్పు తేవడం కుదరదు. కాలేజీ నిధి నుంచి వారానికి రెండు గంటలకైనా పారితోషికం ఇచ్చాకే వారిని ఈ పనికి అడగడం న్యాయం.

ఒక పేపరు, అందులో ఒక యూనిట్

మొత్తం పేపరును ఒకేసారి మార్చబోతే ఆరో వారానికి సిలబస్ వెనకబడుతుంది. అప్పుడు కంగారుపడి నోట్సు డిక్టేట్ చేయడం మొదలవుతుంది. ఒక్క యూనిట్‌తో, అంటే 10 నుంచి 12 పీరియడ్లతో మొదలుపెట్టండి. ఆ లెక్చరర్ అంతకుముందు కనీసం రెండుసార్లు చెప్పిన పేపరే అయి ఉండాలి. పిల్లలు ఎక్కడ తడబడతారో తెలియకుండా మంచి ప్రశ్న రాయడం సాధ్యం కాదు. యూనిట్ ఎంచుకోవడానికి పాత ఇంటర్నల్స్ జవాబు పత్రాలు ముప్పై తీసి చూడండి. ఛాయిస్‌లో ఎక్కువమంది వదిలేసిన ప్రశ్న ఏ యూనిట్‌దో, అదే మీకు కావాల్సింది.

క్యాలెండరు కూడా చూసుకోవాలి. ఏడాదికి 180 బోధన దినాలంటే వారానికి ఆరు రోజుల లెక్కన 30 వారాలు, సెమిస్టరుకు 15. కాగితం మీద ఉన్న ఆ 15 వారాలు తిరుపతిలో పూర్తిగా దొరకవు. సెప్టెంబరు, అక్టోబరుల్లో బ్రహ్మోత్సవాలొస్తే బస్సులు కొండవైపు తిరుగుతాయి, ఊళ్ల నుంచి వచ్చే పిల్లల హాజరు పడిపోతుంది. ఆ వెనకే ఈశాన్య రుతుపవనాలు, తుఫాను సెలవులు. 2021 నవంబరులో తిరుపతి వీధులు వరదనీళ్లలో మునిగిన రోజులు అందరికీ గుర్తే. కాబట్టి మొదటి సెమిస్టరులో కొత్త యూనిట్‌ను మూడో వారంలో మొదలుపెట్టి పండగ రద్దీకి ముందే ముగించండి. రెండు వారాలు చేతిలో ఉంచుకోండి.

రంగు కార్డులతో ప్రశ్న

మన క్లాసులకు అన్నిటికంటే బాగా సరిపోయేది తోటివారితో చర్చించి నేర్చుకునే పద్ధతి. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1991లో దీన్ని మొదలుపెట్టారు. బెంచీలు కదలకపోయినా, కరెంటు పోయినా నడుస్తుంది.

60 మంది క్లాసుకు నాలుగు రంగుల ఎ4 కాగితాలు రంగుకు 15 చొప్పున కావాలి. ఒక్కో కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే రంగుకు 60 కార్డులు, మొత్తం 240. పారేసుకునే వారి కోసం రంగుకు ఇంకొక కాగితం కలపండి. ఒక్కో రంగుకు ఒక్కో అక్షరం చొప్పున కార్డుల మీద స్కెచ్ పెన్నుతో ఎ, బి, సి, డి పెద్దగా రాసి, ఒక్కొక్కరికి నాలుగు రంగులూ ఇవ్వాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా కనిపించని విద్యార్థి ఉంటే రంగు ఒక్కటే చాలదు.

50 నిమిషాల పీరియడులో మూడు ప్రశ్నలే పడతాయి. ఏడెనిమిది నిమిషాలు పాఠం చెప్పి బోర్డు మీద ప్రశ్న రాయండి. నిమిషంన్నర ఎవరికి వారే ఆలోచించాలి, మాటలు వద్దు. 'ఎత్తండి' అనగానే అందరూ ఒకేసారి కార్డు గుండెకు ఆనించి చూపాలి. తలపైకి ఎత్తితే వెనక బెంచీ వారు ముందువారి రంగు చూసి మార్చుకుంటారు. సరైన జవాబు చూపినవాళ్లు 18 మంది లోపు, అంటే 30 శాతం కంటే తక్కువ ఉంటే పాఠం అందలేదన్నమాట. చర్చ పెట్టకుండా మళ్లీ వేరే ఉదాహరణతో చెప్పండి. 42 మంది దాటితే, అంటే 70 శాతం పైనుంటే, ఒక్క మాటలో కారణం చెప్పి ముందుకు సాగండి. ఈ రెండింటి మధ్య ఉన్నప్పుడే చర్చకు ఫలం. జవాబు చెప్పకుండా, ముందు బెంచీ వారిని వెనక్కి తిరగమని, వేరే అక్షరం చూపినవారితో మూడు నిమిషాలు వాదించమనండి. మళ్లీ ఓటు, ఆపైన రెండు నిమిషాల వివరణ.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. మొదటి ఓటు కాగానే లెక్చరర్ నోరు జారి జవాబు చెప్పేస్తారు, లేదా సరైన కార్డు వైపు చూసి తల ఊపుతారు. దాంతో చర్చ చచ్చిపోతుంది. పక్కనున్న సహోద్యోగి మొదటి వారమంతా గమనించాల్సింది దీన్నే.

ప్రశ్న బాగుంటేనే పద్ధతి బాగుంటుంది

బిట్ పేపరు ప్రశ్న ఇక్కడ పనికిరాదు. నిర్వచనం అడిగితే గుర్తున్నవారు చెబుతారు, లేనివారు లేదంటారు, వాదించుకోవడానికి ఏమీ ఉండదు. ప్రశ్నలోని తప్పు జవాబులు పిల్లలు నిజంగా చేసే తప్పుల్లోంచే రావాలి. ఎకనామిక్స్ క్లాసుకు ఇలాంటిది వేయొచ్చు:

ఈ ఏడు చిత్తూరు జిల్లాలో తోతాపురి విరగ్గాసింది. ధర పడిపోయింది. ధర తగ్గినందువల్ల గుజ్జు ఫ్యాక్టరీలు నిరుటికంటే ఎక్కువ కాయ కొన్నాయి. జరిగిందేమిటి? ఎ: డిమాండ్ రేఖ కుడికి జరిగింది. బి: సప్లయి రేఖ కుడికి జరిగింది, డిమాండ్ రేఖ ఉన్నచోటే ఉంది. సి: రెండు రేఖలూ కుడికి జరిగాయి. డి: సప్లయి రేఖ ఎడమకు జరిగింది.

సరైనది బి. ఎక్కువ కొన్నారు కాబట్టి డిమాండ్ పెరిగిందనుకుని ఎ, సి చూపేవారు చాలామంది ఉంటారు. డిమాండ్ పెరగడం వేరు, ధర తగ్గి అదే రేఖ మీద కిందికి జారడం వేరు. ఈ తేడా పుస్తకంలో పేరాగ్రాఫుగా చదివితే నిలవదు. మామిడి తోట ఉన్న ఇంటి పిల్లవాడూ పక్క పిల్లవాడూ వాదించుకుంటే నిలుస్తుంది. యూనిట్‌కు ఇలాంటివి 20 నుంచి 25 ప్రశ్నలు కావాలి. ఒక్కో దానికి తొలిసారి అరగంటకు తక్కువ పట్టదు. పైన అడిగిన తీరిక ఇందుకే.

చర్చ ఏ భాషలో అన్న సందేహం వద్దు. తెలుగులో సాగనివ్వండి. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి డిగ్రీలో ఇంగ్లిష్ పుస్తకం పట్టుకున్న పిల్లలు ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలంటే అసలు మాట్లాడరు. కుప్పం వైపైతే తమిళం, కన్నడం కూడా వినిపిస్తాయి, పర్వాలేదు. పరీక్ష ఇంగ్లిష్‌లో రాయాలి కాబట్టి యూనిట్‌కు 12 పారిభాషిక పదాలు ఇంగ్లిష్‌లో బోర్డు మూలన రాసి ఉంచండి. చివరి వివరణ వాటితోనే చెప్పండి.

పాఠం ముందే ఇంట్లో వీడియోగా చూసి రమ్మనే పద్ధతిని మొదటి సెమిస్టరులో మేం సిఫారసు చేయం. బస్సులో గంట ప్రయాణం చేసి, ఇంట్లో అన్నదమ్ములతో ఒకే ఫోను పంచుకునే అమ్మాయికి అది అదనపు భారం. పెట్టి తీరాలనుకుంటే వీడియో ఆరు నిమిషాలు దాటనివ్వకండి. అదే విషయం రెండు పేజీల జిరాక్సుగా కూడా ఇవ్వండి.

వెనక బెంచీలో తోడు

చూడటానికి వచ్చేది హెచ్‌ఓడీ కాకూడదు. సమాన హోదాలో ఉన్నవారు, వీలైతే వేరే సబ్జెక్టు వారు రావాలి. సబ్జెక్టు తెలిసిన కళ్లు పాఠంలోని తప్పులు వెతుకుతాయి. తెలియని కళ్లు పిల్లల ముఖాలు చూస్తాయి. క్లాసుకు ముందు పావుగంట కూర్చుని ఏది గమనించాలో లెక్చరరే చెప్పాలి. ఒక తెల్ల కాగితం మీద రెండేసి నిమిషాలకు ఒక గడి గీస్తే 50 నిమిషాలకు 25 గడులు వస్తాయి. ప్రతి గడిలో రెండే నమోదులు: లెక్చరర్ ఏం చేస్తున్నారు, పిల్లలు ఏం చేస్తున్నారు. 'బాగుంది', 'బాగాలేదు' రాయకూడదు. క్లాసయ్యాక అదేరోజు 20 నిమిషాలు ఆ కాగితం మీదే మాట్లాడుకోవాలి. 25 గడుల్లో 19 చోట్ల 'లెక్చరర్ మాట్లాడుతున్నారు, పిల్లలు రాసుకుంటున్నారు' అని ఉంటే ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు.

ఆ కాగితం లెక్చరర్‌దే. ప్రమోషన్ ఫైలులోకో, అప్రైజల్‌లోకో ఒక్కసారి వెళ్లిందా, మళ్లీ ఎవరూ తలుపు తెరవరు. ఈ మాటను ప్రిన్సిపాల్ రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఫలితం కొలవడం

యూనిట్‌కు ముందు పది ప్రశ్నల పరీక్ష, తరువాత అవే పది. మార్కులు ఇంటర్నల్స్‌లో కలపకూడదు, కలిపితే పిల్లలు కాపీ కొడతారు. పేపర్లు తిరిగి ఇవ్వకూడదు, ఇస్తే ప్రశ్నలు వాట్సాప్‌లో తిరుగుతాయి. రెండు పరీక్షలూ రాసినవారినే లెక్కలోకి తీసుకోండి. లేదంటే మధ్యలో హాజరు మానేసిన వారి వల్ల సగటు ఊరికే పెరుగుతుంది.

సగటు 40 నుంచి 64 శాతానికి వచ్చిందనుకోండి. పెరిగింది 24, పెరగడానికి ఉన్న జాగా 60. 24ను 60తో భాగిస్తే 0.40. ఇలాగే లెక్కించి 1998లో అమెరికా భౌతికశాస్త్ర ఆచార్యుడు రిచర్డ్ హేక్ సుమారు 6,000 మంది భౌతికశాస్త్ర విద్యార్థుల ఫలితాలు పోల్చారు. ఉపన్యాసం మాత్రమే విన్న క్లాసుల్లో సగటు 0.23, పిల్లలు పాలుపంచుకున్న క్లాసుల్లో 0.48. మొదటి సెమిస్టరులో మీకు 0.30 వచ్చినా నిరాశ పడొద్దు. ఏ ప్రశ్నలో పెరగలేదో చూసి దాన్ని తిరగరాయండి.

మూడో వారానికి పిల్లల నుంచి 'సార్, మామూలుగా నోట్సు చెప్పండి' అన్న మాట తప్పక వస్తుంది. 2019లో హార్వర్డ్‌లో వచ్చిన ఒక అధ్యయనంలోనూ ఇదే తేలింది: ఆలోచించి నేర్చుకున్న పిల్లలు తక్కువ నేర్చుకున్నామనుకున్నారు, పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నారు. కష్టపడటాన్ని అర్థం కాకపోవడంగా పొరబడతారు. ఇది వారికి మొదటి రోజే చెప్పాలి. నాలుగో వారంలో పేర్లు లేని చీటీలు తీసుకోండి: ఏది ఉపయోగపడింది, ఏది అడ్డమైంది, ఒక్కటి మారిస్తే ఏది? తెలుగులోనే రాయనివ్వండి. మర్నాడే క్లాసులో ఏది మారుస్తున్నారో, ఏది ఎందుకు మార్చడం లేదో చెప్పండి. చీటీలు తీసుకుని మౌనంగా ఉండటం కంటే అసలు తీసుకోకపోవడం మేలు.

ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు

పాఠం చెప్పే పద్ధతి మార్చడానికి బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ ఖరారు చేసే కమిటీ) అనుమతి అక్కర్లేదు. మార్కుల పద్ధతి మార్చాలంటే కావాలి. అటానమస్ కాలేజీలు (సొంతంగా సిలబస్, పరీక్షలు నడుపుకునేవి) తమ బోర్డులోనే తేల్చుకోవచ్చు. అనుబంధ కాలేజీలు ఉన్న గడుల్లోనే సర్దుకోవాలి: అసైన్‌మెంట్, సెమినార్ అన్న పేర్లు మార్చకుండా లోపలి పనిని మార్చండి. చాట్‌జీపీటీ రాసిన అసైన్‌మెంట్లు కట్టలు కట్టలుగా వస్తున్న ఈ రోజుల్లో ఇది ఎలాగూ తప్పదు. 'మార్కెట్ నిర్మాణాలు వివరించుము' బదులు మదనపల్లె, పలమనేరు టమోటా మార్కెట్లలో వారం రోజుల ధరలు తెచ్చి ఎందుకు తేడా ఉందో రాయమనండి. ఇచ్చినరోజు ఒక్కొక్కరిని మూడు నిమిషాలు అడగండి. 60 మందికి మూడు గంటలవుతుంది, అంటే నాలుగు పీరియడ్లు. అవి ముందే టైంటేబుల్‌లో వేసుకోకపోతే జరగవు.

తరువాతి సెమిస్టరుకు అప్పగింత

తిరుపతిలో ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం), పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, సంస్కృత విశ్వవిద్యాలయం, వ్యవసాయ, పశువైద్య కళాశాలలు ఆటో దూరంలో ఉన్నాయి. ఐఐటీ, ఐసర్ (సైన్సు విద్య, పరిశోధన సంస్థ) ఏర్పేడు దగ్గరే. నెలకొకసారి ఒక్కో చోట, ఐదారుగురు లెక్చరర్లు, గంటన్నర కూర్చుంటే చాలు. బొకేలు, శాలువాలు, ఫ్లెక్సీలు వద్దు. ప్రతివారూ పనిచేయని ఒక ప్రశ్న తేవాలి.

డిపార్ట్‌మెంటు బీరువాలో ఒక పెట్టె పెట్టండి. కార్డులు, ప్రశ్నలు, ప్రతి ప్రశ్న పక్కన మొదటి ఓటు, రెండో ఓటు శాతాలు, 12 పదాల పట్టిక, ఏది బెడిసిందో రాసిన రెండు పేజీలు అందులో ఉండాలి. గెస్ట్ లెక్చరర్లు ఏడాదికి మారతారు, రెగ్యులర్ వారు బదిలీ అవుతారు. ఆ పేపరు తీసుకునే కొత్తవారికి టైంటేబుల్‌తో పాటే పెట్టె అప్పగించి, పాతవారితో ఒక గంట కూర్చోబెట్టండి. పాతవారు అప్పటికే ఊరు మారి ఉంటే ఫోనులోనైనా సరే, క్లాసులు మొదలయ్యే ముందే ఆ గంట జరగాలి.