కథ రాయడం నేర్చుకుందాం – 6వ పాఠం: జంతువుల మాట తెలిసిన పాత్ర

పోయిన పాఠంలో మాటలు రాని పాత్రతో కథ నడిపించాం. చేతి కదలికతో, చూపుతో, తలుపు వేసిన తీరుతో మనసు చెప్పించాం. ఆ నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి, ఈరోజు కూడా పనికొస్తుంది. ఈసారి మన పాత్రకు మాటలొచ్చు. మనుషుల మాటే కాదు, జంతువుల మాట కూడా వచ్చు.

ముందు ఒక తేడా చూడండి. చిన్నయసూరి నీతిచంద్రికలో కరటక దమనకులనే నక్కలు ఒకరితో ఒకరు ఎంత చక్కగా వాదించుకుంటారో చదివే ఉంటారు. అక్కడ జంతువులు తమలో తాము మాట్లాడుకుంటాయి. వల పన్నిన బోయవాడికి పావురాల మాట వినపడదు, వినపడాల్సిన అవసరం కూడా ఆ కథకు లేదు. మనం రాయబోయేది వేరు. మన పాత్ర మనుషుల ఇంట్లో పుట్టింది, చెవి మాత్రం పశువుల కొట్టంలో కూడా పనిచేస్తుంది. కథ అంతా ఆ రెండు చోట్ల మధ్య పడే నలుగుబాటే.

ఈ విద్య ఎలా వచ్చింది?

కథ మొదలుపెట్టే ముందే ఇది తేల్చుకోవాలి. పాఠకుడికి చెప్పినా చెప్పకపోయినా మీకు తెలిసి ఉండాలి. పాత కథల్లో ఇది వరంగానో మంత్రంగానో వస్తుంది. కొత్త కథల్లో ఎక్కువగా చదువుగా వస్తుంది. నాకు చదువుగా రావడమే ఇష్టం, ఎందుకంటే నేర్చుకునేవాడు తప్పులు చేస్తాడు, తప్పుల్లోంచి కథ పుడుతుంది.

1920లో వచ్చిన డాక్టర్ డూలిటిల్ కథలో ఆ డాక్టరుకు పాలినేషియా అనే చిలుక గురువు. ఆయన పక్కన నోట్‌బుక్ పెట్టుకుని పక్షుల అక్షరమాల రాసుకుంటాడు. జంతువులు నోటితోనే కాదు, చెవులతో, తోకతో, ముక్కుతో కూడా మాట్లాడతాయని చిలుక చెబుతుంది. ఆ చదువు పూర్తయ్యాక దుక్కి దున్నే గుర్రం ఒకటి ఆయన దగ్గరకు వస్తుంది. వేరే వైద్యుడు ఆరు వారాలుగా దాని కాలికి మందు వేస్తున్నాడు. దానికి కావలసింది కళ్లజోడు! ఆ ఒక్క సన్నివేశంతో ఈ విద్య దేనికో పాఠకుడికి అర్థమైపోతుంది. రచయిత హ్యూ లాఫ్టింగ్ మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడు. యుద్ధంలో గాయపడ్డ గుర్రాలను చూసి, ఇంట్లో ఉన్న తన పిల్లలకు రాసిన ఉత్తరాల్లో ఈ డాక్టరును పుట్టించాడు. నొప్పి ఎక్కడో చెప్పుకోలేని ప్రాణిని కళ్లారా చూసినవాడు రాసిన కథ అది. మీరు కూడా మీ కథకు మూలంగా అలాంటి ఒక చూసిన దృశ్యాన్ని పెట్టుకోండి.

1894 నాటి జంగిల్ బుక్‌లో మౌగ్లీ అడవిలోనే పెరిగాడు. అయినా అన్ని జంతువుల మాటా దానంతటదే రాలేదు. ఒక్కో జాతి మాటను బాలూ అనే ఎలుగుబంటి కూర్చోబెట్టి నేర్పాలి. కోతులు ఎత్తుకుపోతున్నప్పుడు ఆకాశంలో ఉన్న గద్దకు గద్దల మాటలో కేక వేయగలిగాడంటే ఆ చదువు వల్లే.

వెల ఎంత?

ఈ మెట్టు దగ్గర కాసేపు ఆగుదాం. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది ఇదే. శక్తి ఇస్తారు, దానికి వెల పెట్టరు. కథ పది లైన్లకే చప్పబడిపోతుంది.

వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో సుమంత్రుడు కైకేయికి ఆమె తల్లి కథ గుర్తుచేస్తాడు. ఆమె తండ్రి కేకయరాజుకు సకల ప్రాణుల మాట తెలిసే వరం ఉంది. ఒక రాత్రి పడుకుని ఉండగా జృంభం అనే ప్రాణి కూత విని నవ్వాడు. భార్య తనను చూసే నవ్వాడనుకుంది, ఎందుకో చెప్పమంది. చెబితే నా ప్రాణం పోతుందన్నాడు. పోతే పోనీ, చెప్పమంది. రాజు వరమిచ్చిన మహర్షిని అడిగి, చెప్పకుండా ఆమెనే వదులుకున్నాడు.

ఇందులో రెండు విషయాలు గమనించండి. ఆ కూతలో ఏముందో వాల్మీకి మనకు చెప్పలేదు. రాజు నవ్వాడని మాత్రమే తెలుసు. చదువుతున్న మనం కూడా ఆ భార్య పక్కనే, అదే కుతూహలంతో నిలబడిపోతాం. రెండోది, ఇది అడవిలో జరిగిన వింత కాదు, పడకగదిలో జరిగిన గొడవ. ఒకరికి వినపడేది మరొకరికి వినపడకపోతే సంసారంలో ఏమవుతుందో అదే ఇక్కడ కథ.

ఒక బౌద్ధ జాతక కథలోనూ, అరేబియన్ రాత్రుల్లో ఎద్దు, గాడిద మాటలు విన్న వర్తకుడి కథలోనూ వెల ఇదే: రహస్యం చెబితే చావు. మూడింట్లోనూ మొండిపట్టు పట్టేది భార్యే. ఆ భాగాన్ని మనం ఇంకా మోయాల్సిన పని లేదు. అడిగేది కొడుకు కావచ్చు, బేరం పోతుందని టెన్షన్ పడే తండ్రి కావచ్చు. వెల కూడా చావే కానక్కర్లేదు. వినడం ఆపుకోలేకపోవడం చాలు. ఆదివారం పొద్దున కోళ్ల షాపు ముందు నుంచి నడిచి వెళ్లాల్సిన మీ పాత్రను ఒక్కసారి ఊహించండి.

జంతువు ఏం మాట్లాడాలి?

అదే జాతక కథలో నాకు ఎంతో ఇష్టమైన చోటు ఒకటుంది. రాజు తింటుంటే ఒక తేనెబొట్టు, కాస్త తీపి కింద పడతాయి. అది చూసిన చీమ మిగతా చీమలను కేకేస్తుంది: రాజుగారి తేనెకుండ పగిలింది, బెల్లం బండి బోల్తా పడింది, రండి రండి! మనకు బొట్టు, చీమకు కుండ. జంతువు మాట రాయడంలో ఉన్న కిటుకంతా ఈ కొలతలోనే ఉంది.

కాబట్టి మాట రాసే ముందు ఆ ప్రాణి లోకం ఎలా ఉంటుందో తెలుసుకోండి. కుక్కకు నీలం, పసుపు బాగానే కనిపిస్తాయి, ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా సరిగా తెలియదు. మీ కథలో కుక్క "ఎర్ర చీర కట్టుకున్నామె వచ్చింది" అనకూడదు, ఆమె కొంగుకున్న వంటింటి వాసన చెప్పాలి. ఏనుగులు మన చెవికి అందనంత లోతైన స్వరంతో కిలోమీటర్ల దూరం కబురు పంపుకుంటాయి. తేనెటీగకైతే మాటే నాట్యం. పట్టు మీద అది ఊగుతూ వెళ్లే గీతకూ నిలువుకూ మధ్య ఉన్న కోణమే, పూలున్న దిక్కుకూ సూర్యుడికీ మధ్య ఉన్న కోణం. ఎంతసేపు ఊగితే పూలు అంత దూరం. ఈ నాట్యాన్ని చదివిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. మీ పాత్రకు తేనెటీగ మాట అర్థమైతే సరే, తిరిగి జవాబు ఎలా చెబుతుంది?

ఇప్పుడు ఒక ఉదాహరణ. నాగమణికి పన్నెండేళ్లు. గేదె ఒంటి మీద చెయ్యి ఆనిస్తేనే దాని మాట వినపడుతుంది. నాన్న దూడను సంతలో అమ్మేశాడు. మొదటి ప్రయత్నం ఇలా వచ్చిందనుకుందాం:

"నా బిడ్డను నాకు దూరం చేయకండి. తల్లి మనసు మీకు తెలియదా?" అని గేదె కన్నీరు కార్చింది.

ఇది గేదె తోలు కప్పుకున్న మనిషి. కొట్టేయండి. మళ్లీ రాద్దాం:

నాగమణి గేదె మెడ మీద చెయ్యి వేసింది.
"నీ చేతికి కొత్త వాసన."
"నాన్నతో సంతకెళ్లొచ్చా."
"దూడ వాసన గాడి దగ్గర ఉంది. నీ పావడాకు ఉంది. దూడ లేదు."
నాగమణి కుడితి బకెట్ ముందుకు జరిపింది. గేదె మూతి పెట్టలేదు.
"పలుపు కూడా ఇక్కడే ఉంది," అంది.

ఏడుపు అనే మాట ఎక్కడా రాలేదు. గేదె తనకు తెలిసిన వస్తువుల పేర్లే చెప్పింది.

ఈ వాసన సంగతి నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు. మా అమ్మమ్మ గేదె పాలు తీయడానికి వేరే ఎవరు కూర్చున్నా చేపేది కాదు. అమ్మమ్మ ఊరెళ్తే మా పిన్ని ఆవిడ కట్టి విడిచిన చీర చుట్టుకుని పాలు తీసేది. గేదె ఒకసారి తల తిప్పి వాసన చూసి, ఊరుకునేది. ఆ తల తిప్పడంలో ఒక ప్రశ్న ఉందని నాకు అప్పుడే అనిపించింది.

నాగమణి అబద్ధం చెప్పాలనుకుంటే? "రేపు తోలుకొస్తారులే" అందనుకోండి. 1904లో బెర్లిన్‌లో హాన్స్ అనే గుర్రం లెక్కలు చేస్తుందని జనం విరగబడి చూశారు. గిట్టతో అన్నిసార్లు తట్టి జవాబు చెప్పేది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు పరీక్షించి చూస్తే, అడిగేవాడికి జవాబు తెలియనప్పుడు గుర్రానికీ తెలియలేదు. సరైన అంకె దగ్గర అడిగేవాడి తల, ఒళ్లు తనకే తెలియకుండా కొద్దిగా కదిలేవి, గుర్రం అది చూసి ఆగేది. కాబట్టి మీ జంతువుకు అబద్ధం మాటలో దొరకదు, చేతిలో దొరుకుతుంది. నాగమణి వేళ్లు బిగుసుకున్నాయని రాస్తే చాలు.

నువ్వా, మీరా?

తెలుగులో రాసేవాళ్లకు తప్పని చిక్కు ఇది. గేదె నాగమణిని "నువ్వు" అంటుంది, సరే. నాన్నను ఏమంటుంది? నా ఉద్దేశంలో "మీరు" మనుషుల ఊళ్లో పుట్టింది, కొట్టానికి రానివ్వక్కర్లేదు. ఏనుగు దగ్గర మాత్రం ఆలోచిస్తాను, ఎందుకంటే ఏనుగుల మందను పెద్ద ఆడ ఏనుగు నడిపిస్తుంది. ఆ మందలో పిల్ల ఏనుగు "అవ్వ" అని పిలిస్తే నమ్ముతాను.

యాస మాటకొస్తే, గేదెకు యాస ఉండదు, వినేవాళ్లకు ఉంటుంది. మాట నాగమణి మనసులో తెలుగవుతోంది కాబట్టి అది నాగమణి ఊరి తెలుగే. అదే గేదె మాట పట్నం నుంచి వచ్చిన పశువుల డాక్టరుకు వినపడితే ఇంకోలా ఉండాలి.

ఇంకో చిన్న సదుపాయం మన భాషలో ఉంది. గుర్రం సకిలిస్తుంది, గాడిద ఓండ్ర పెడుతుంది, ఎద్దు రంకె వేస్తుంది, ఏనుగు ఘీంకరిస్తుంది. వినే శక్తి లేనివాళ్ల కళ్లతో రాసేటప్పుడు ఈ క్రియలు వాడండి. మన పాత్ర వింటున్నప్పుడు "అంది" చాలు. నాన్నకు గేదె అరిచింది, నాగమణికి గేదె అంది. ఒకే పేరాలో ఈ రెండూ పక్కపక్కన పడితే ఎవరికి ఏం వినపడుతోందో వివరించే పని మీకు ఉండదు.

ఈ వారం అభ్యాసం

మీరు రోజూ చూసే ఒక ప్రాణిని ఎంచుకోండి. గోడ మీద బల్లి అయినా సరే, అపార్ట్‌మెంట్ మెట్ల కింద పడుకునే కుక్క అయినా సరే. మూడు రోజులు పది నిమిషాల చొప్పున ఊరికే చూడండి. అది ఏం చేసిందో మాత్రమే రాసుకోండి, ఎందుకు చేసిందో రాయొద్దు. నాలుగో రోజు దాని మాట తెలిసిన మనిషిని ఆ దృశ్యంలోకి తీసుకురండి. ఆ మనిషికి ఈ విద్య ఎలా వచ్చింది, దానికి ఏం చెల్లిస్తున్నాడు అనేవి పేజీ పైన పెన్సిల్‌తో రాసుకుని, కథలో మాత్రం చెప్పకండి. ఒక్క పేజీ దాటనివ్వకండి. ఆ ప్రాణి చెప్పిన వాటిలో ఒక మాట పాఠకుడికి వినపడకుండా దాచండి, కేకయరాజు నవ్వులాగా.

వచ్చే పాఠం ఆ దాచిన మాటతోనే మొదలుపెడదాం.