పాత ఫోర్డ్‌కి కొత్త రిమోట్ ఇంట్లోనే
డాలస్‌లో మేం వాడే 2006 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ రిమోట్ ఒకటి పోయింది. ఆన్‌లైన్‌లో ఇంకోటి తెప్పించి నేనే ప్రోగ్రామ్ చేసుకున్నాను. కొనేముందు పాత రిమోట్ వెనకున్న ఎఫ్‌సీసీ ఐడీ (ఏ రకం రిమోట్ అన్నది చెప్పే కోడ్) చూసుకోండి. అది కలవకపోతే ఎంత తంటాలు పడ్డా కారు పలకకపోవచ్చు.

కొత్తది ఎక్కించగానే పాతవి చెరిగిపోతాయి, అందుకే ఉన్నవన్నీ ఒకే విడతలో చెయ్యాలి. మా ఆయన రిమోట్ ఆయన జేబులో ఆఫీసుకి వెళ్లిపోయింది, సాయంత్రం దాకా ఆగాను.

తలుపులన్నీ వేసి, తాళంచెవిని ఆఫ్ నుంచి ఆన్‌కి 10 సెకన్లలో 8 సార్లు తిప్పాలి. ఇంజిన్ స్టార్ట్ కాకూడదు. ఎనిమిదోసారి ఆన్‌లోనే ఆపండి. లాకులు ఒకసారి పడి లేస్తాయి. నాకు మొదటి రెండుసార్లు రాలేదు, టెన్షన్‌లో నెమ్మదిగా తిప్పాను. పైకి లెక్కపెడుతూ తిప్పితే వచ్చేసింది. వెంటనే రిమోట్ మీద ఏదో ఒక బటన్ నొక్కండి. లాకులు మళ్లీ కదిలితే అది ఎక్కినట్టే. ఆలస్యం చెయ్యకుండా మిగతావి కూడా అలాగే నొక్కి, చివర్లో ఆఫ్ చెయ్యండి.

ఇదంతా తలుపుల రిమోట్ సంగతే. ఇంజిన్ స్టార్ట్ అవ్వాలంటే తాళంచెవి లోపలి చిప్‌ను కారు గుర్తుపట్టాలి. పనిచేసే తాళంచెవులు రెండు ఉంటే కొత్తదాన్ని ఇంట్లోనే నేర్పించొచ్చు. ఒక్కటే మిగిలితే లాక్‌స్మిత్‌తోనో డీలర్‌తోనో చేయించుకోక తప్పదు. మీ దగ్గర ఇంకా రెండున్నాయా? ఈ వారమే మూడోది చేసిపెట్టుకోండి.