అక్వేరియం అద్దానికి పట్టిన గార ఇలా వదిలింది

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి బోరు నీళ్లే దిక్కు. బకెట్లకే తెల్లటి గార కడుతుంది, ఇక గప్పీ చేపల తొట్టిని విడిచిపెడుతుందా! నీటిమట్టం దగ్గర అద్దం చుట్టూ సున్నం పూసినట్టు ఒక పట్టీ ఏర్పడింది. మొదట అంట్లు తోమే స్టీలు పీచుతో రుద్దాను. గార పోలేదు సరికదా, సన్నటి గీతలు మిగిలాయి. అవి ఇప్పటికీ నన్ను వెక్కిరిస్తూనే ఉన్నాయి.

రెండోసారి తెల్ల వెనిగర్ తెచ్చాను. హీటరు, ఫిల్టరు ఆపి, నీటిని నాలుగు వేళ్ల మేర తగ్గించాను. వెనిగర్‌లో సమానంగా నీళ్లు కలిపి, గుడ్డ తడిపి, చుక్క కారకుండా పిండి గార మీద అతికించాను. పావుగంట తర్వాత తీస్తే అంచున చిన్న చిన్న బుడగలు! గారలో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగిలితే కరిగి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. పాత ప్లాస్టిక్ కార్డుతో పైకి గీకితే పొరలుగా ఊడింది. మూలల్లో మాత్రం రెండోసారి పట్టు వేయాల్సి వచ్చింది.

వెనిగర్ నీళ్లలో పడితే క్షారత తగ్గి పీహెచ్ పడిపోవచ్చు, చేపలకు అది ప్రమాదం. అందుకే మంచినీళ్ల గుడ్డతో మూడుసార్లు తుడిచాకే తొట్టి నింపాను. సబ్బు జోలికి అసలు పోలేదు.

ఆవిరయ్యేది నీరే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. కాబట్టి తగ్గిన మేరకు ఇప్పుడు లవణాలు దాదాపు లేని ఆర్వో నీళ్లే పోస్తున్నాను.