పిల్లాడి క్లాసు లింకు ఎవరికి గుర్తుంది?

2020లో, కొవిడ్‌తో బడీ ఆఫీసూ ఇంట్లోకే వచ్చేసిన రోజుల్లో, మా డైనింగ్ టేబుల్‌కి ఒక చివర నేను, ఇంకో చివర మా ఏడేళ్ల అబ్బాయి. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీమ్ లీడ్‌ని, వాడు రెండో తరగతి. ఒకరోజు రివ్యూ కాల్‌లో రిలీజ్ ఎందుకు ఆలస్యమైందో వివరిస్తున్నాను. మైక్ ఆన్‌లోనే ఉంది. వాడు "అమ్మా, పాస్‌వర్డ్!" అని అరిచాడు. కాల్‌లో ఉన్న పద్నాలుగు మందీ నవ్వారు, నేనూ నవ్వాను. పక్క గదిలో తలుపేసుకుని పనిచేసుకుంటున్న మా ఆయనకి ఆ కేక వినపడనే లేదు. వాడు నాన్నని ఎందుకు అడగలేదా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచిస్తూ పడుకున్నాను.

జవాబు తేలికే. నాన్నకి పాస్‌వర్డ్ తెలీదు.

అక్కణ్నుంచి మేం ఏమేం మార్చుకున్నామో రాస్తున్నాను. మళ్లీ అలాంటి రోజులొస్తే పనికొస్తుంది. ఇంటి నుంచి ఉద్యోగం చేసేవాళ్లకి మహమ్మారి లేకపోయినా పనికొస్తుంది.

మూడు వారాల ఏర్పాటుతో మూడేళ్లు నడపకండి

కొవిడ్‌ని ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి అన్నది 2020 మార్చి 11న. అత్యవసర పరిస్థితి ముగిసిందని చెప్పింది 2023 మే 5న. నేనేమో మూడు వారాలకి సరిపోయే ఏర్పాటు చేసుకున్నాను: పొద్దున 5కే లేచి వాడు లేచేలోపు రెండు గంటల పని, రాత్రి అందరూ పడుకున్నాక మరో రెండు గంటలు. అది కొన్నాళ్లు బాగానే నడిచింది. నడుస్తోంది కాబట్టి మార్చాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు, నాతో సహా. "ఇది తాత్కాలికమే" అని మీకు మీరే చెప్పుకుంటుంటే దానికొక తేదీ పెట్టండి. ఆ తేదీన అందరూ కూర్చుని పనులు మళ్లీ పంచుకోవాలి.

ముందు గీతలు గీయండి

పంచుకునే ముందు లెక్క కావాలి. ఒక మామూలు రోజు ఎంచుకోండి. (నేను మంగళవారం తీసుకున్నాను. సోమవారం ఎవరింట్లోనైనా గందరగోళమే.) పని మధ్యలో ఎవరు పిలిచినా కాగితం మీద ఒక గీత, పక్కన ఒక్క మాట: ఛార్జర్, మాత్ర, లింకు, ఆకలి. సాయంత్రానికి నా కాగితం మీద 41 గీతలున్నాయి. వాటిలో నిజంగా లేచి చేయాల్సిన పనులు 15. మిగతా 26 వట్టి ప్రశ్నలు. ఏది ఎక్కడుంది, ఎన్నింటికి, ఇప్పుడేం చేయాలి. అన్నిటికీ జవాబు నా ఒక్కదాని బుర్రలోనే ఉంది.

టైమ్‌టేబుల్ ఎన్నిసార్లు వేసుకున్నా నా రోజు ఎందుకు ముక్కలైపోతోందో అప్పుడు తెలిసింది. సోఫీ లెరోయ్ అనే పరిశోధకురాలు 2009లో దీనికి అటెన్షన్ రెసిడ్యూ అని పేరు పెట్టారు. ఒక పని సగంలో వదిలి ఇంకోదానిలోకి వెళ్తే మనసు కొంత పాతదాని దగ్గరే ఉండిపోతుందట. ఛార్జర్ ఎక్కడుందో చెప్పడానికి పది సెకన్లు చాలు. టెస్ట్ కేసులో ఎక్కడ ఆగానో మళ్లీ పట్టుకోవడానికి మాత్రం చాలాసేపు పట్టేది.

ఆ 26లో సగం ఒక కాగితంతో పోయాయి. క్లాసుల వేళలు, పాస్‌వర్డ్, అత్తయ్యగారి మందులు ఏ పూట ఏవి, ఛార్జర్ల డ్రాయరు, ఇంటర్నెట్ ఆగిపోతే ఏ బటన్ నొక్కాలి, అన్నీ రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. నన్నెవరైనా అడిగితే వేలితో ఫ్రిజ్ వైపు చూపించేదాన్ని, అంతే, నోరు విప్పేదాన్ని కాదు. మొదటి వారం అందరికీ నా మీద కోపం వచ్చింది. వస్తుంది, ఓర్చుకోండి.

పనితో పాటు గుర్తుపెట్టుకోవడం కూడా అప్పజెప్పండి

మిగతా సగానికి కాగితం చాలదు. మా ఆయన మంచివారే. "చెప్తే చేస్తాను కదా" అంటారు, చెప్తే చేస్తారు కూడా. "చెప్పడం కూడా పనేనండీ" అన్నాను. గీతల కాగితం ఎదురుగా పెట్టాక గానీ ఆ మాట ఆయనకి ఎక్కలేదు, అప్పటిదాకా నేను సతాయిస్తున్నాననే అనుకున్నారు. ఇదేమీ మా ఒక్క ఇంటి కథ కాదు. జీతం లేని ఇంటిపనికీ, మనుషుల్ని చూసుకోవడానికీ ప్రపంచం మొత్తం మీద సగటున ఆడవాళ్లు రోజుకి 4 గంటల 25 నిమిషాలు పెడుతుంటే, మగవాళ్లు 1 గంట 23 నిమిషాలు పెడుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లోనే చెప్పింది. బడులు మూతపడక ముందు లెక్క అది.

పనిని ముక్కలుగా ఇస్తే జ్ఞాపకం మీ దగ్గరే మిగిలిపోతుంది. అందుకని బడి వ్యవహారం మొత్తం ఆయనకి ఇచ్చేశాను: లింకు, ట్యాబ్ ఛార్జింగ్, హోంవర్క్ ఫోటో తీసి పంపడం, టీచరు మెసేజ్‌లు, "రేపటికి అట్టపెట్టె కావాలట" అని రాత్రి 9కి వాడు తెచ్చే వార్తతో సహా. ఇక్కడొక మెట్టు చాలామంది దాటేస్తారు. బడిలో రాసిచ్చిన ఫోన్ నంబర్ మార్పించండి. వాళ్ల దగ్గర నా నంబరే ఉన్నంతకాలం మెసేజ్ నాకొచ్చేది, నేను ఆయనకి పంపేదాన్ని, గంట తర్వాత "చూశారా?" అని అడిగేదాన్ని. బడి పని ఆయనదని ఇద్దరం అనుకుంటూనే ఉన్నాం, చేస్తున్నది మాత్రం నేను. రెండుసార్లు రాశాక నంబర్ మారింది.

రెండో వారంలో ఒక స్లిప్ టెస్ట్ తప్పిపోయింది. ఇంకో పిల్లాడి వాళ్లమ్మ మాటల్లో చెప్పింది కాబట్టి నాకు ముందురోజే తెలుసు. పెదవి కొరుక్కుని ఊరుకున్నాను. రెండో తరగతి స్లిప్ టెస్ట్ కాబట్టి ఊరుకున్నాను, అదే మందుల సంగతైతే ఊరుకునేదాన్ని కాదు. ఏది తప్పిపోయినా కొంప మునగదో, ఏది తప్పకూడదో మీరూ ముందే విడదీసి పెట్టుకోండి. మొదటి రకంలో వేలు పెట్టకుండా ఉండటం నాకు అన్నిటికన్నా కష్టమైంది.

అత్తయ్యగారికి పనులేవీ చెప్పకపోవడమే మర్యాద అనుకునేదాన్ని. "నన్ను మంచాన పడ్డదాన్ని చేసేశావమ్మా" అన్నారావిడ ఒకరోజు. ఆ తర్వాత మందులకి ఫోన్‌లో అలారం పెట్టుకోవడం, వారానికి సరిపడా మిగలగానే తెప్పించమని చెప్పడం ఆవిడ పనే. 11 నుంచి 12:30 దాకా మనవడు కూడా ఆవిడ దగ్గరే. కథలు అయిపోయాక పేకాట నేర్పారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కొన్ని పనులు ఎవరికీ ఇవ్వక్కర్లేదు, మానేయొచ్చు. మేం ఇస్త్రీతో మొదలుపెట్టాం. కెమెరాలో కాలర్ కింద ఏమీ కనపడదు.

పంచుకోవడానికి ఇంట్లో ఇంకో పెద్ద మనిషి లేకపోతే బయట చూసుకోవాలి. కూతురితో ఒంటరిగా ఉండే నా స్నేహితురాలు ఇంకో తల్లితో ఒప్పందం పెట్టుకుంది: రోజు మార్చి రోజు ఒకరు ఇద్దరు పిల్లల చేతా వీడియో కాల్‌లో హోంవర్క్ చేయించాలి. అలా ఆమెకి రెండ్రోజులకి ఒక గంట దొరికేది. ఇక నర్సు చేసే మా చెల్లెలికి ఈ సలహాల్లో చాలావరకు పనికిరావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆరోగ్య, సంరక్షణ ఉద్యోగుల్లో సుమారు 67 శాతం ఆడవాళ్లే, వాళ్లలో చాలామందికి ఇంటి నుంచి పని అన్నదే లేదు. తను ఒకే ఒక్క నియమం పెట్టింది. డ్యూటీ నుంచి వచ్చాక మొదటి 40 నిమిషాలు తనని ఎవరూ ఏమీ అడగకూడదు. ఇల్లు కాలిపోతుంటే తప్ప.

తలుపు, ఎర్ర క్లిప్పు, కొంచెం రక్తం

రోజంతా ఏకాగ్రత అడిగితే ఎవరూ ఇవ్వరు. తొంభై నిమిషాలవి రెండు అడగండి. ఇంట్లో ఇంకొకరు పూర్తిగా బాధ్యత తీసుకునే సమయంలోనే అవి ఉండాలి. నావి 11కి ఒకటి, 3:30కి ఒకటి. ఆలోచించాల్సిన పని అంతా అందులో, మెయిళ్లు, స్టేటస్ రిపోర్టులు మిగతా చిల్లర సమయంలో. తలుపుకి బట్టల క్లిప్పు ఎర్రది ఉంటే కొట్టకూడదని మా వాడికి చెప్పాను. మూడు మినహాయింపులు: రక్తం, మంట, వాంతి. మూడోరోజే తలుపు కొట్టి, "అమ్మా, కొంచెం రక్తం" అన్నాడు. దోమ కుట్టిన చోట గోకాడు. పిల్లలకి నియమం పెట్టేటప్పుడు "ఎంత రక్తం" అని కూడా చెప్పాలి.

వీడియో కాల్స్ గురించి ఒక్క ముక్క. మీ ముఖం మీకే కనపడకుండా దాచే సెట్టింగ్ ఉంటుంది, వాడండి. గంటల తరబడి మన ముఖం మనమే చూసుకుంటూ కూర్చోవడం అలసటని పెంచుతుందని, ఈ అలసట ఆడవాళ్లలో ఎక్కువని 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చెప్పారు.

అడగకముందే వద్దనకండి

ఈ విషయంలో నేను చేసిన తప్పు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. 2020 ఆగస్టులో కొత్త ప్రాజెక్టు వస్తోందని తెలియగానే, ఎవరూ అడగకముందే మేనేజర్‌కి ఫోన్ చేసి "ఈసారి నన్ను లెక్కలోకి తీసుకోకండి" అన్నాను. అర్థం చేసుకున్నారు. ఆ అర్థం చేసుకోవడం ఏడాదిన్నర కొనసాగింది. నేను బిజీ అన్న మాట అక్కడ స్థిరపడిపోయింది, రెండు అవకాశాలు నా దాకా రానేలేదు.

ఏం చేసుండాల్సింది? తప్పుకునే బదులు షరతు పెట్టాల్సింది, ఆ షరతుకి ముగింపు తేదీ పెట్టాల్సింది. తర్వాత నేను రాసిన మెయిల్ ఇలా ఉంది: "ఈ పని నాకు కావాలి. జనవరి 31 వరకు మధ్యాహ్నం 1 నుంచి 3 మధ్య కాల్స్ తీసుకోలేను. ఆ రెండు గంటలు ఉదయం 7:30 నుంచి పనిచేస్తాను. ఫిబ్రవరి 1న ఈ ఏర్పాటు మళ్లీ చూద్దాం." ఇంతే. పిల్లాడి గురించి, అత్తయ్యగారి గురించి, క్షమాపణల గురించి ఒక్క వాక్యం లేదు. మొదటి ప్రతిలో ఆరున్నాయి, కొట్టేశాను.

శుక్రవారం లాప్‌టాప్ మూసే ముందు నాలుగు లైన్లు రాసుకోండి: ఏం పూర్తయింది, ఏ తప్పు పట్టుకున్నారు, ఎవరికి సాయం చేశారు, దాని ఫలితం ఏంటి. ఎదురుగా కూర్చుని పనిచేయనప్పుడు మీ పని ఎవరికీ కనపడదు, అప్రైజల్ నాటికి మీకే గుర్తుండదు. మీటింగ్ నోట్స్, ఆన్‌లైన్ పుట్టినరోజు పార్టీలు తిరిగి తిరిగి మీ మీదే పడుతుంటే "ఈసారి ఎవరి వంతు?" అని నవ్వుతూనే అడగండి. జీతం లేని సెలవు తప్పనిసరైతే, తిరిగి వచ్చే తేదీ, వచ్చాక మీ హోదా రాతలో తీసుకోండి. నోటి మాట ఇచ్చిన మనిషి ఈలోపు ఉద్యోగం మారిపోవచ్చు.

రాత్రి ఒంటి గంట

పని అయ్యాక, అందరూ పడుకున్నాక, ఫోన్ పట్టుకుని ఒంటి గంట దాకా కూర్చునేదాన్ని. చూసేది కూడా ఏమీ ఉండేది కాదు. ఆ రోజులో నాదంటూ ఉన్న సమయం అదొక్కటే, వదులుకోబుద్ధయ్యేది కాదు. "త్వరగా పడుకో" అన్న సలహా ఇక్కడ పనిచేయదు. ఆ సమయాన్ని పగటిలోకి తెచ్చుకోవాలి. నేను 5:30కి 25 నిమిషాలు తీసుకున్నాను, మేడ మీద నడక. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. చిన్న చిన్న ముక్కలుగా చేసినా లెక్కలోకి వస్తుందట. ఆరు రోజులు నడిస్తే సరిగ్గా 150, నాకు ఆ లెక్క నచ్చింది. పదిరోజుల్లో పడుకునే వేళ తనంతట తానే 11కి వచ్చింది.

మామూలు అలసటకి, బర్న్‌అవుట్‌కి తేడా గమనించండి. శక్తి హరించుకుపోవడం, పని మీద విరక్తో వెటకారమో పెరగడం, ఏం చేసినా సరిగా చేయలేకపోతున్నానని అనిపించడం, బర్న్‌అవుట్‌లో ఈ మూడూ కలిసి వస్తాయి. ఇవి కనిపిస్తే పనిభారం గురించి ఆఫీసులో మాట్లాడాలి. నడకతో తీరేది కాదు. దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు వరసగా ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకండి, ఆ రోజే ఎవరికైనా చెప్పండి, సాయం తీసుకోండి.

మీరే మంచం పడితే

2021లో నాకు జ్వరం వచ్చి పాజిటివ్ అని తేలినప్పుడు, కిటికీ తెరిచి ఉన్న గదిలో మాస్కు పెట్టుకుని పడుకుని, ఫోన్‌లో ఇల్లు నడిపాను. బిల్లులు కట్టే పాస్‌వర్డ్ ఫ్రిజ్ మీద లేదు మరి. ఆ పేజీ మీరు ఇవాళే రాసిపెట్టండి: బిల్లులు ఎలా కట్టాలి, డాక్టర్ నంబర్, ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడ, ఆఫీసులో ఎవరికి చెప్పాలి, పిల్లాడు రాత్రి ఏది పక్కన లేకపోతే పడుకోడు. పాస్‌వర్డ్‌లు ఫ్రిజ్ మీద కాకుండా కవర్‌లో పెట్టి, ఆ కవర్ ఎక్కడుందో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. అదే పేజీలో కింద పెద్ద అక్షరాలతో: ఊపిరి ఆడకపోవడం, ఛాతీలో తగ్గని నొప్పి, అయోమయంగా మాట్లాడటం, లేపినా మెలకువగా ఉండలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి.

నేను ఎనిమిదో రోజే పూర్తి పనిలోకి వెళ్లాను. మూడోవారానికి మెట్లెక్కితే కూర్చోవాల్సి వచ్చింది. మీరు మొదటి వారం సగం రోజు మాత్రమే అడగండి. పనిచేసిన మర్నాడు నీరసం ఎక్కువైతే ఇంకా తగ్గించండి, పట్టుదలతో పెంచకండి. జబ్బు మొదలై మూడు నెలలైనా ఏదో ఒక లక్షణం వదలకపోతే అది లాంగ్ కొవిడ్ కావచ్చు, డాక్టర్‌కి చూపించి, ఆఫీసుకి ఆ కాగితం ఇవ్వండి.

మొదటి లెక్క నుంచి పన్నెండో వారంలో మళ్లీ ఒక మంగళవారం గీతలు గీయండి. నా రెండో కాగితం మీద 14 ఉన్నాయి. పదకొండు చేతిపనులు, రెండు ప్రశ్నలు. పద్నాలుగోది మా వాడిది. తలుపు కొట్టకుండా కింద సందులోంచి చీటీ తోశాడు: "నాన్న పాస్‌వర్డ్ మార్చాడు, మర్చిపోయాడు. నువ్వు లేవకు. మేం వెతుక్కుంటున్నాం."