వానలు ముదరకముందే ఒక మాట: మ్యాన్‌హోల్ మూత మీరు ఎత్తకండి

పోయిన వారం మొదటి గట్టి వానకే మా పక్క వీధిలో ఒక పెద్దాయన మ్యాన్‌హోల్‌లో పడ్డారు. నడుము దాకా దిగిపోయారు. అంచు చేతికి దొరకబట్టి బతికారు గానీ కాలు రెండు చోట్ల విరిగింది. ఆ మూతను దొంగలు ఎత్తుకుపోలేదు, మున్సిపాలిటీ వాళ్లు తెరిచి మరిచిపోలేదు. నీళ్లు నిలిచాయని ఆ వీధి కుర్రాళ్లే గడ్డపారతో లేపి పక్కన పెట్టారు. నలుగురికీ మంచి చేద్దామనే చేశారు.

గొడుగులు, టార్చిలైట్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. నేను ఏళ్ల తరబడి కాలనీ సంఘంలో ఉండి చూసిన ఒక్క తప్పు గురించే చెబుతాను. నీళ్లు పోవడం లేదని మ్యాన్‌హోల్ మూత మీ అంతట మీరు తీయకండి.

ఎందుకు తీయకూడదు

చాలా ఊళ్లలో వాననీటికి కాలువ వేరు, మురుగుకు పైపు వేరు. మ్యాన్‌హోల్ ఎక్కువగా మురుగు పైపుదే. దాన్ని వీధి వరద మోయడానికి వేయలేదు. మూత తీయగానే నీళ్లు గిర్రున సుడి తిరుగుతూ లోపలికి పోతుంటే పని అయిపోయిందనిపిస్తుంది. కాసేపటికి పైపు నిండుతుంది. అప్పుడు పల్లంలో ఉన్న ఇళ్ల మరుగుదొడ్లలోంచి మురుగు ఎదురుతన్నుతుంది. మీ గుమ్మం ముందు నీళ్లు ఇంకొకరి ఇంట్లో తేలతాయి.

అంతకంటే ఘోరం, బురదనీళ్ల కింద ఆ గుంత ఎవరికీ కనపడకపోవడం. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవాళ్లను పడగొట్టగలదు. మూత తీసినవాడికి ఆ చోటు తెలుసు. రాత్రి డ్యూటీ దిగి వచ్చే మనిషికి తెలియదు.

వార్డు ఆఫీసుతో ముందే చేయాల్సినవి

వీధికి ఇద్దరు చొప్పున కూడి, వార్డు ఇంజనీరును పిలిచి ఒక పూట కలిసి నడవండి. పైపులు ఎటు పోతున్నాయో ఆయన దగ్గర నక్షా ఉంటుంది. ఏ మూల నీళ్లు ఎన్ని గంటలు నిలుస్తాయో మీకే తెలుసు. ఈ రెండూ ఒక్కచోట చేరితేనే పూడిక తీయాల్సిన చోటు తేలుతుంది. మా దగ్గర ఇలా నడిచిన రోజే, ఏడాదిగా మేం తిట్టుకుంటున్న కాలువలో తప్పేమీ లేదని, అడ్డం దానికి రెండు వీధుల అవతల ఉందని తెలిసింది.

ప్రతి మూతకీ ఒక నంబరు ఇచ్చి, దానికి ఎదురుగా ఉన్న గోడ మీద రాయించండి. మూత మీద రాస్తే నీళ్లు నిలిచినప్పుడు కనపడదు.

ఫిర్యాదు కాగితం మీదో, ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి. నంబరు తీసుకోండి. పది సమస్యలు ఒకే అర్జీలో పెట్టకండి. ఒకటి బాగుచేసి మొత్తం ఫైలు మూసేస్తారు. మూతకొక ఫిర్యాదు, ఫిర్యాదుకొక ఫొటో. "ఫోన్‌లో చెప్పామండీ" అనేది లెక్కలోకి రాదు.

మూత కింద ఇనుప జాలీ పెట్టమని అడగండి. పైమూత పోయినా మనిషి పడకుండా అదే ఆపుతుంది. తీసిన పూడికను అదే రోజు లారీకెత్తించండి. గట్టున వదిలేస్తే తర్వాతి వానకు మళ్లీ కాలువలోకే జారుతుంది. వాన రాత్రి డ్యూటీలో ఎవరుంటారు, మూత తీయాల్సి వస్తే ఎవరు తీస్తారు అన్నది వార్డు ఆఫీసు నోటితోనే ముందుగా చెప్పించండి. ఆ ఫోన్ నంబరు వీధిలో ప్రతి ఇంట్లో ఉండాలి.

వాన పడుతున్నప్పుడు

నీళ్లు పోవాల్సింది రోడ్డు పక్క వాననీటి కాలువ జాలీల్లోంచి. వాటికి అడ్డుపడిన ఆకులు, ప్లాస్టిక్ కవర్లు వాన మొదలవకముందే లాగేయండి. పొడుగు కర్రతో, పక్కన నిలబడి. చేయి పెట్టొద్దు, కాలు పెట్టొద్దు.

మ్యాన్‌హోల్ జోలికి మాత్రం పోవద్దు.

తెరిచి ఉన్న మూత కనిపిస్తే ఫొటో తీసుకుని వెళ్లిపోకండి. పొడుగాటి కొమ్మో, ఎర్రగుడ్డ కట్టిన కర్రో నిలబెట్టండి. సిబ్బంది వచ్చేదాకా ఒక మనిషి అక్కడే ఉండాలి.

సిబ్బంది మూత తీసినా, చుట్టూ అడ్డం పెట్టకుండా పోనివ్వకండి. పని అయ్యాక మూత బిగించారో లేదో దగ్గరుండి చూడండి.

లోపల ఎవరైనా స్పృహ తప్పి పడితే దిగకండి. అన్నదమ్ముడైనా సరే దిగకండి. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు గాలికంటే బరువు, అడుగునే పేరుకుంటుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసననే పట్టలేదు. వాసన పోయిందని దిగినవాడు పైకి రాడు. అగ్నిమాపక దళానికి ఫోన్ చేయండి.

నీళ్లలో తెగిన కరెంటు తీగ ఉంటే పది మీటర్ల దూరం. విద్యుత్ సిబ్బంది సరఫరా ఆపామని చెప్పేదాకా అటు వెళ్లొద్దు.

పిల్లల్ని వీధి వరదలో ఆడనివ్వొద్దు.

పోయిన మూత చోట చెక్కముక్క కప్పొద్దు. గుంత ఉందన్న సంగతి కూడా దాచేసినట్టవుతుంది.

కుర్రాళ్ల చేతిలో గడ్డపార కనిపిస్తే లాక్కోండి. తిట్టుకున్నా పర్వాలేదు. మూత తీయొద్దని వాళ్లకు విసుగొచ్చేదాకా చెప్పండి.

ఈ ఆదివారం మీ వీధి మూతలు లెక్కపెట్టండి. లేనివి, పగిలినవి, కాలు వేస్తే కదిలేవి రాసుకోండి. సోమవారం పొద్దున వార్డు ఆఫీసు తలుపు తీసేసరికి మీ కాగితాలు చేతబట్టుకుని అక్కడ ఉండండి.