డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్‌లో ‘ప్రీరిక్విజిట్ నాట్ మెట్’ ఎర్రర్ మాకెలా పోయిందంటే

డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటే హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు కూడా చదవడం. కాలిఫోర్నియాలో మా అమ్మాయి పదకొండో గ్రేడ్. కమ్యూనిటీ కాలేజీలో కాల్క్యులస్‌కి రిజిస్టర్ చేయబోతే ప్రతిసారీ అదే ఎర్రర్: ముందు పూర్తిచేయాల్సిన కోర్సు (ప్రీరిక్విజిట్) చేయలేదని. హైస్కూల్లో ప్రీకాల్క్యులస్ మంచి గ్రేడుతోనే పూర్తయింది మరి!

బ్రౌజర్ మార్చడం, హెల్ప్‌డెస్క్‌కి ఫోన్లు, స్కూల్ కౌన్సెలర్‌ని అడగడం, నేను కాలేజీకి మెయిల్ పెట్టడం: ఏదీ పనిచేయలేదు.

హైస్కూల్ గ్రేడ్లు ఈ కాలేజీ సిస్టమ్‌కి వాటంతటవే చేరవు. మనమే పంపి ‘ప్రీరిక్విజిట్ క్లియరెన్స్’ (ఆ ముందు కోర్సు పూర్తయిందని కాలేజీ ఒప్పుకోవడం) అడగాలి. ముందు స్కూలు నుంచి రెండు సెమిస్టర్ల గ్రేడ్లూ కనిపించే ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకున్నాం. తర్వాత క్లియరెన్స్ ఫారంలో అమ్మాయే తన స్టూడెంట్ ఐడీ, కోర్సు నంబరు నింపి, ట్రాన్స్‌క్రిప్ట్ జతచేసి, కాలేజీ ఇచ్చిన మెయిల్ నుంచే పంపింది. నేను కాక తనే పంపడం వల్లే పని జరిగిందనుకుంటున్నాను. ఫెర్పా (విద్యార్థుల రికార్డుల గోప్యత గురించిన అమెరికా చట్టం) ప్రకారం, 18 నిండకపోయినా కాలేజీ రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. సంతకాలు మనవి, సమాచారం పిల్లలది!

క్లియరెన్స్ వచ్చాక, ప్రిన్సిపల్, మేము సంతకం చేసిన స్పెషల్ అడ్మిట్ ఫారంలో (హైస్కూల్ విద్యార్థి కాలేజీ కోర్సు చదవడానికి అనుమతి పత్రం) కూడా అదే కోర్సు నంబరు ఉందని చూసుకున్నాం. ఆ తర్వాత సీఆర్ఎన్ (ఆ క్లాసుకి రిజిస్టర్ చేసుకునే నంబరు) కొట్టగానే సీటు వచ్చేసింది.

అన్ని కాలేజీల్లో ఇదే వరస అని చెప్పలేను. టెక్సస్ వాళ్లయితే ముందు టీఎస్ఐ (కాలేజీ చదువుకు సిద్ధమా అని చూసే అక్కడి పరీక్ష) స్కోరు సంగతి చూసుకోండి. మా దగ్గర స్పెషల్ పార్ట్‌టైమ్ విద్యార్థులకు (అంటే మా అమ్మాయిలా హైస్కూల్ నుంచి వచ్చేవాళ్లకు) సెమిస్టర్‌కి 11 యూనిట్ల (క్రెడిట్ల) పరిమితి ఉంది. మీ ఎర్రర్ దాని గురించైతే ఈ క్లియరెన్స్ పనికిరాదు.