బెంగళూరులో కారు తీసే ముందు సురక్షితమైన రూటు ఎలా ఎంచుకోవాలి?

అనంతపురం నుంచో చిత్తూరు నుంచో ఉద్యోగానికి వచ్చి బెంగళూరులో మొదటి కారు కొన్నవాళ్లలో చాలామంది ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని, అది ఎటు చెబితే అటు పోతారు. కానీ మ్యాప్ ముందు చూసేది టైమ్. రెండు నిమిషాలు మిగులుతాయంటే చాలు, సిగ్నల్ లేని కూడలిలో కుడివైపు తిరగమంటుంది, లైట్లు లేని సందులోకి పంపుతుంది. కొత్తగా నడిపేవాళ్లకు పది నిమిషాలు ఎక్కువ పట్టినా వెడల్పైన, అలవాటున్న రోడ్డే మేలు. అందుకే రూటు ముందురోజే మీరు ఖరారు చేసుకోండి. దారిలో గుర్తుచేసే పని మాత్రం మ్యాప్‌కి వదిలేయండి.

1. ముందు సెట్టింగ్స్ చూసుకోండి

గూగుల్ మ్యాప్స్‌లో కారు గుర్తు ఎంచుకున్నారో లేదో చూడండి. బైక్ గుర్తు మీద ఉండిపోతే కారు పట్టని గల్లీల్లోకి తీసుకెళ్తుంది. ఎదురుగా ఆటో వస్తే వెనక్కి తీయడానికి కూడా చోటుండదు. తర్వాత బయల్దేరే టైమ్ పెట్టి వెతకండి. రాత్రి పదింటికి ఇంట్లో కూర్చుని చూసిన రూటు, పొద్దున తొమ్మిదింటికి బాగా రద్దీగా ఉండే సిల్క్ బోర్డ్ కూడలి దగ్గర అలా ఉండదు.

2. రెండు మూడు రూట్లు పక్కపక్కన పెట్టి చూడండి

ఉదాహరణకు మారతహళ్లి నుంచి యశ్వంతపూర్ స్టేషన్‌కి అమ్మానాన్నల్ని తీసుకురావడానికి వెళ్లాలి. ఒక దారి అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా కె.ఆర్. పురం, నాగవార, హెబ్బాళ. ఇంకోటి ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు, దొమ్మలూరు, ఎం.జి. రోడ్డు, మేఖ్రి సర్కిల్ వైపు. రెండో దాంట్లో సిగ్నళ్లు, మలుపులు ఎక్కువ. మొదటిదాంట్లో ఫ్లైఓవర్లు ఉంటాయి, కూడళ్లు తక్కువ. అయితే తెల్లవారుజామున లారీలు జోరుగా వస్తాయి, మెట్రో పనుల బారికేడ్ల దగ్గర రోడ్డు ఉన్నట్టుండి ఇరుకవుతుంది. అయినా వాన లేని రోజు నేనైతే రింగ్ రోడ్డే ఎంచుకుంటాను. హెబ్బాళ ఫ్లైఓవర్ దగ్గర ఏ లేన్‌లో ఉండాలో మాత్రం ముందే చూసుకుంటాను.

రూటు మీద కుడి మలుపులు, యూటర్న్‌లు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. అవి ఎంత తక్కువైతే అంత మంచిది. అనుమానంగా ఉన్న కూడలిని స్ట్రీట్ వ్యూలో (గూగుల్ మ్యాప్స్‌లోనే రోడ్డు ఫొటోలు చూపించే సదుపాయం) తెరిచి చూడండి. సర్వీస్ రోడ్డులోకి దిగే చోటు ఎక్కడుందో, పక్కనున్న షాపు బోర్డుతో సహా కనిపిస్తుంది.

3. వానాకాలానికి వేరే రూటు పెట్టుకోండి

దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. 2023 మే 21న భారీ వానలో విధాన సౌధ సమీపంలోని కె.ఆర్. సర్కిల్ అండర్‌పాస్‌లో కారు నీళ్లలో చిక్కుకుని, ఆంధ్ర నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి చనిపోయింది. ఊరి నడిబొడ్డున, పగటిపూట జరిగింది. 2022 సెప్టెంబర్ వరదల్లో బెళ్లందూరు వైపు రింగ్ రోడ్డే మునిగింది.

సుమారు అడుగు లోతు నీళ్లకే చిన్న కారు తేలడం మొదలుపెట్టవచ్చు. అండర్‌పాస్‌లో లోతు ఎంతో పైనుంచి తెలియదు. ముందు బస్సు వెళ్లిందని మనమూ వెళ్లకూడదు, బస్సు ఎత్తు వేరు. కాబట్టి మీ రోజువారీ దారిలో ఉన్న అండర్‌పాస్‌లు, చెరువుల పక్క రోడ్లు ఒక కాగితం మీద రాసుకుని, అవేవీ తగలని ఇంకో దారి సిద్ధంగా ఉంచుకోండి. అలాంటి దారి లేకపోతే వాన తగ్గేదాకా ఆఫీసులోనే ఆగండి. ఇంట్లోవాళ్లకు ఒక్క ఫోన్ చేస్తే వాళ్లకూ టెన్షన్ ఉండదు.

4. నిషేధాలు తెలుసుకోండి

ఇంట్లో బైక్ కూడా ఉంటే ఇవి గుర్తుంచుకోండి. బెంగళూరు–మైసూరు హైవే ప్రధాన రోడ్డు మీదికి 2023 ఆగస్టు 1 నుంచి బైకులను, ఆటోలను రానివ్వడం లేదు, సర్వీస్ రోడ్డులోనే వెళ్లాలి. ఊరి అంచుల మీదుగా పోయే టోల్ రోడ్డు నైస్ రోడ్డు మీద రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు బైకులు వద్దని 2022లో ఉత్తర్వులిచ్చారు.

5. ఆదివారం పొద్దున ఒకసారి నడిపి చూడండి

రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, పక్కన డ్రైవింగ్ తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకుని వెళ్లండి. రంగు వేయని స్పీడ్ బ్రేకర్లు, అవసరమైతే ఆగగలిగే పెట్రోల్ బంకు, ఆసుపత్రి ఎక్కడున్నాయో గమనించండి. చీకటి పడ్డాక ఇంటికొచ్చే దారి అయితే ఒక సాయంత్రం కూడా చూడాలి. లైట్లు వెలుగుతున్నాయో లేదో పగలు తెలియదు.

6. దారిలో

మధ్యలో మ్యాప్ కొత్త రూటు చూపిస్తే వద్దనండి, అనుకున్న దారి మూసేస్తే తప్ప. దిగాల్సిన చోటు దాటిపోతే రింగ్ రోడ్డు మీద ఎట్టి పరిస్థితుల్లోనూ రివర్స్ చేయకండి. ముందుకెళ్లి, సిగ్నల్ ఉన్నచోట తిరిగి రండి. దారి పూర్తిగా తప్పితే ఏదైనా పెట్రోల్ బంకులో ఆపి, మ్యాప్ మళ్లీ పెట్టుకున్నాకే కదలండి. ప్రమాదం జరిగినా, నీళ్లలో చిక్కుకున్నా 112కి ఫోన్ చేయండి. నీళ్లు పెరుగుతుంటే ఫోన్ కన్నా ముందు సీటు బెల్టు తీసి, అద్దం దించి బయటపడండి.